కుక్కతల మనుషులు ఎక్కడ ఉండేవారు?

క్రీ.శ. 77 ప్రాంతంలో ప్లినీ అనే రోమా పండితుడు లోకంలో ఉన్న సమస్తాన్నీ ఒకే గ్రంథంలో రాసిపెట్టాలని పూనుకున్నాడు. నక్షత్రాలు, చెట్లు, జంతువులు, రాళ్లు, మందులు అన్నీ అందులో ఉన్నాయి. మనుషుల గురించి రాసిన ఏడో భాగంలో వింత జాతుల వర్ణన ఒకటి ఉంది. కుక్కతల ఉండి, మాటకు బదులు మొరిగే మనుషులు. ఒకే కాలు ఉండి, ఎండవేళ వెల్లకిలా పడుకుని ఆ పాదాన్నే గొడుగులా పట్టుకునే మనుషులు. అసలు నోరే లేక, పూల వాసన, పండ్ల వాసన పీల్చి బతికే మనుషులు. వీళ్లంతా ఎక్కడ ఉంటారట? మన దేశంలోనే. కుక్కతలవాళ్లు మన కొండల్లో, నోరులేనివాళ్లు గంగానది పుట్టినచోట.

ఇవి ప్లినీ అల్లిన కథలు కావు. ఆయనకు దాదాపు 500 ఏళ్ల ముందు పారసీక రాజు ఆస్థానంలో వైద్యుడిగా ఉన్న క్తేసియస్ అనే గ్రీకువాడు భారతదేశం గురించి ఒక పుస్తకం రాశాడు. ఆయన ఈ దేశంలో అడుగుపెట్టలేదు. వర్తకులు చెప్పింది విని రాశాడు. తరువాత వచ్చిన మెగస్తనీసు అలా కాదు. చంద్రగుప్త మౌర్యుని కాలంలో రాయబారిగా పాటలీపుత్రానికి వచ్చి, నగరాన్నీ కోటనూ కళ్లారా చూసి రాశాడు. అయినా నోరులేని మనుషుల కథ ఆయన పేరుమీదే చలామణి అయింది. మన చరిత్ర పుస్తకాల్లో గర్వంగా చెప్పుకునే మాట, అంటే ఆంధ్రులకు 30 కోట నగరాలు, లక్ష కాల్బలం, 2,000 గుర్రాలు, 1,000 ఏనుగులు ఉన్నాయన్న మాట కూడా ప్లినీ గ్రంథంలోనిదే. అది కూడా మెగస్తనీసు నుండి వచ్చిందనే పండితులు చెబుతారు.

ఒకే గ్రంథంలో ఒకచోట లెక్కపెట్టిన కోటలు, ఇంకోచోట నోరులేని మనుషులు! తేడా ఎక్కడుంది? రచయిత వెళ్లినచోట, లేదా తెలిసినవాళ్లు వెళ్లివచ్చినచోట మనుషులు మనుషుల్లాగే ఉంటారు. పన్నులు కడతారు, యుద్ధాలు చేస్తారు, పెళ్లిళ్లు చేసుకుంటారు. ఆయన వెళ్లని తరువాతి కొండ అవతల ఉన్నవాళ్లకే కుక్కతలలు మొలుస్తాయి. ఇంకొకరు ఆ కొండ ఎక్కి చూసివస్తే ఆ వింత మనుషులు అక్కడినుండి లేచి మరో కొండ అవతలికి వెళ్తారు. రెండు వేల ఏళ్లపాటు ఈ ప్రయాణం ఆగలేదు.

సంఘ పితరుల్లో ఈ కథలను సీరియస్‌గా తీసుకుని ఆలోచించినవాడు అగస్టీను. కార్తేజు పట్టణంలో సముద్రం ఒడ్డున ఉన్న వీధిలో ఈ వింత జాతుల బొమ్మలు ఉండేవట. వాటిని చూసిన విశ్వాసులకు ఒక సందేహం వచ్చేది: వీళ్లు కూడా ఆదాము సంతానమేనా? దేవుని పట్టణం గురించి రాసిన తన పెద్ద గ్రంథం 16వ భాగంలో ఆయన దీనికి జవాబు చెప్పాడు. ఇలాంటి కథలన్నీ నమ్మి తీరాలనేమీ లేదు అన్నాడు. అయితే బుద్ధి, వివేచన ఉన్న మనిషిగా ఎవరు పుట్టినా, వారి రూపం, రంగు, స్వరం మనకు ఎంత వింతగా తోచినా, వారు ఆదాము సంతానమే అన్నాడు. రూపాన్నిబట్టి మనిషితనాన్ని కొలవకూడదని 1,600 ఏళ్ల క్రితమే తేల్చిన మాట ఇది. తరువాతి కాలంలో కత్తి పట్టినవాళ్లు దాన్ని చదవలేదో, చదివి పక్కన పెట్టారో గాని, ఆ మాట మాత్రం సంఘం దగ్గర ఉంది.

1298లో జెనోవా చెరసాలలో ఉన్న మార్కో పోలో తన ప్రయాణాలను తోటి ఖైదీకి చెప్పి రాయించాడు. ఆ పుస్తకంలో మనకు బాగా దగ్గరైన చోట్లు రెండు ఉన్నాయి. ఒకటి ముత్ఫిలి, అంటే నేటి బాపట్ల జిల్లాలోని మోటుపల్లి రేవు. అక్కడి రాజ్యాన్ని ఒక రాణి ఏలుతోందనీ, న్యాయంగా ఏలుతుంది కాబట్టి ప్రజలు ఆమెను ఎంతో ప్రేమిస్తారనీ రాశాడు. ఆమె రుద్రమదేవి అని చరిత్రకారులు గుర్తించారు. రాజు చనిపోయాక రాజ్యం చేపట్టిన భార్య అని ఆయన అనుకున్నాడు. నిజానికి ఆమె గణపతిదేవుని కుమార్తె. సాలెగూడులాంటి సన్నని బట్టల గురించీ, వజ్రాల గురించీ రాశాడు. రెండోది అండమాన్ దీవులు. అక్కడివాళ్లకు తల, పళ్లు, కళ్లు కుక్కలవి ఉంటాయనీ, తమవారు కానివారు ఎవరు దొరికినా తినేస్తారనీ రాశాడు. బంగాళాఖాతానికి ఈ ఒడ్డున న్యాయంగల రాణి, ఆ ఒడ్డున కుక్కతలలు. ఒక ఒడ్డున ఓడలు ఆగి వర్తకం చేసేవి. ఇంకో ఒడ్డున ఆగేవి కావు.

ఆ పుస్తకం తరువాత అచ్చయింది. తన చేతిరాతతో అంచుల్లో గుర్తులు పెట్టుకున్న ప్రతి ఒకటి కొలంబస్ దగ్గర ఉండేది. అది నేటికీ స్పెయిన్‌లోని సెవిల్ నగరంలో ఉంది.

1492 అక్టోబరు 12న కొలంబస్ బహామాలలో ఒక దీవిమీద దిగాడు. ఆసియా అంచుకు, అంటే 'ఇండియా'కు చేరానని నమ్మాడు కాబట్టి అక్కడివారిని ఇండియన్లు అన్నాడు. ఆయన దినచర్య పుస్తకం అసలు ప్రతి పోయింది. తరువాతి కాలంలో లాస్ కాసాస్ అనే డొమినికన్ గురువు దానినుండి రాసుకున్న సంగ్రహమే మనకు మిగిలింది. దిగిన రోజే ఆయన రాసుకున్న సంగతులు చూడండి. వీరు మంచి సేవకులు కాగలరు. వీరికి మతమేదీ ఉన్నట్టు లేదు కాబట్టి తేలికగా క్రైస్తవులవుతారు. రెండు రోజుల తరువాత: యాభైమంది ఉంటే చాలు, వీళ్లందరినీ లొంగదీసుకోవచ్చు. అప్పటికే ఏడుగురిని పట్టి ఓడలో ఉంచుకున్నాడు.

ఒక్కరోజు చూసి, ఒక్కమాట అర్థం కాకుండా, ఒక జాతికి మతం లేదని తేల్చేశాడు! కొన్నేళ్ల తరువాత కొలంబస్ కోరికమీదే రామోన్ పానే అనే సన్యాసి ఆ దీవులవారిలో ఒకరైన తైనో ప్రజల మధ్య కాపురముండి, వారి భాష నేర్చుకుని, వారి నమ్మకాలను రాశాడు. సూర్యచంద్రులు ఎలా పుట్టారు, సముద్రం ఎలా పుట్టింది, చనిపోయినవారు ఎక్కడికి వెళ్తారు అనే కథలన్నీ వారికి ఉన్నాయి. భాష నేర్చుకున్నవాడికే అవి వినిపించాయి.

భాష సంగతి కొంచెం వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే అసలు కిటుకు అక్కడే ఉంది. కొలంబస్ వెంట తీసుకెళ్లిన దుబాసీ లూయిస్ దె తోరెస్‌కు హెబ్రీ, అరామిక్, కొంత అరబ్బీ వచ్చు. ఆసియా రాజుల దగ్గర ఆ భాషలు పనికివస్తాయని అనుకున్నారు. క్యూబా పల్లెల్లో అవి ఎవరికి తెలుస్తాయి? కాబట్టి సంభాషణంతా చేతిసైగలతోనే. నవంబరు 4న ఆ సైగలనుబట్టి కొలంబస్‌కు 'అర్థమైంది' ఏమిటంటే, దూరంగా ఒంటికన్ను మనుషులు, కుక్కముట్టె ఉన్న మనుషులు ఉన్నారనీ, వాళ్లు మనుషులను తింటారనీ. సైగలతో అంత వివరం ఎలా తెలిసిందో మనమే ఊహించుకోవచ్చు. పుస్తకంలో ముందే చదివినదాన్ని ఎదుటివాడి చేతుల్లో చూశాడు.

ఆ నెలాఖరుకు ఇంకో మాట చెవిన పడింది: కనీబా. పొరుగు దీవులవాళ్ల పేరు అది. వారితో తైనోలకు పగ ఉంది. కొలంబస్‌కు మాత్రం అందులో చైనా చక్రవర్తి బిరుదైన 'ఖాన్' వినిపించింది. వీళ్లు మహా ఖాన్ సైనికులే అయి ఉంటారని, తినడం గినడం అబద్ధమని కొన్నాళ్లు అనుకున్నాడు కూడా. లాటిన్‌లో కుక్కను 'కానిస్' అంటారు. ఆ ధ్వని కూడా ఈ గందరగోళంలో కలిసిందని చరిత్రకారులు అంటారు. ఒక పగవాడి మాట, ఒక పాత పుస్తకం, ఒక చక్రవర్తి బిరుదు, ఇవన్నీ కలిసి ఒక కొత్త పదం పుట్టింది. నేటికీ ఇంగ్లీషులో నరమాంస భక్షకుణ్ణి 'కానిబాల్' అనే అంటారు. అది ఒక జాతి పేరు అని ఎవరికీ గుర్తులేదు.

1493లో కొలంబస్ తిరుగు ప్రయాణంలో రాసిన ఉత్తరం బార్సిలోనాలో అచ్చయింది. ఆ ఏడాదే లాటిన్‌లోకి మారి రోములోనూ ఇతర నగరాల్లోనూ అచ్చయింది. చాలామంది అనుకున్నట్టు తనకు వికృతాకారాలు ఎక్కడా కనబడలేదనీ, అక్కడివారు అందమైన మనుషులనీ అందులో నిజాయితీగా ఒప్పుకున్నాడు. కాని తాను వెళ్లని ఒక ప్రాంతంలో తోకలతో పుట్టేవాళ్లు ఉన్నారనీ, ఇంకో దీవిలో నరమాంసం తినేవాళ్లు ఉన్నారనీ కూడా చేర్చాడు. మళ్లీ అదే, తరువాతి కొండ అవతల! 1525లో స్ట్రాస్‌బర్గ్‌లో లోరెంజ్ ఫ్రీస్ వేయించిన పుస్తకంలో ఆ దీవులవారి బొమ్మ ఉంది. కుక్కతలలున్న మనుషులు కసాయి బల్ల దగ్గర నిలబడి మనుషులను నరుకుతుంటారు. కొలంబస్ దిగి 33 ఏళ్లయింది. వందలాది ఓడలు వెళ్లివచ్చాయి. ఆ నావికుల్లో కుక్కతలవాణ్ణి చూసినవాడు ఒక్కడూ లేడు. అయినా బొమ్మ మారలేదు.

బొమ్మతో ఆగితే అది చదువులేనితనం అని వదిలేయవచ్చు. అది చట్టమయింది. ఇండియన్లను బానిసలుగా అమ్మకూడదని 1500లో ఆజ్ఞాపించిన ఇసబెల్లా రాణి, 1503 అక్టోబరులో ఒక మినహాయింపు ఇచ్చింది: ఎదిరించే నరమాంస భక్షకులను పట్టవచ్చు, అమ్మవచ్చు. ఇక చెప్పాలా? గనుల్లో పనికి మనుషులు కావలసినప్పుడల్లా ఏ దీవి దొరికితే ఆ దీవివాళ్లు 'కరీబు'లయ్యారు. ఏ దీవి ప్రజలు ఏ రకమో కాగితంమీద తేల్చడానికి అధికారులను కూడా పెట్టారు. ఒక వర్ణన తప్పా ఒప్పా అన్నది అక్కడ పండితుల చర్చ కాదు. దానిమీద ఒక కుటుంబం గొలుసుల్లోకి వెళ్లేదా, ఇంట్లో నిద్రపోయేదా అన్నది ఆధారపడింది.

ఈ కథలో సంఘం రెండు వైపులా నిలబడింది. ఆక్రమణకు ఆశీర్వాదం ఇచ్చిన కాగితాలు సంఘం దగ్గరనుండే వచ్చాయి. వాటిని ఎదిరించిన గొంతు కూడా ప్రసంగ వేదికమీదనుండే వచ్చింది. 1511లో, క్రిస్మస్‌కు ముందటి ఆదివారం, శాంతో దొమింగోలో అంతోనియో దె మోంతెసీనోస్ అనే డొమినికన్ సన్యాసి ప్రసంగించాడు. ఎదుట కూర్చున్నవాళ్లలో గవర్నరుగా ఉన్న కొలంబస్ కుమారుడు దియెగో కూడా ఉన్నాడు. ఈ ప్రజలను ఏ హక్కుతో ఇలా చావగొడుతున్నారనీ, వీళ్లు మనుషులు కారా, వీళ్లకు ఆత్మ లేదా అనీ వారి ముఖాన్నే అడిగాడు. అది ఆయన ఒక్కడి ఆవేశం కాదు. మఠంలోని సహోదరులందరూ కలిసి సిద్ధం చేసి సంతకాలు పెట్టిన ప్రసంగం. మాట వెనక్కి తీసుకోమని పెద్దలు మఠానికి వచ్చి గొడవ చేశారు. మరుసటి ఆదివారం, వెనక్కి తీసుకుంటాడని అందరూ వస్తే, ఇంకా గట్టిగా చెప్పాడు.

లాస్ కాసాస్ ఆ రోజుల్లో ఆ దీవిలోనే ఉన్నాడు. ఆయన కింద కూడా వెట్టిచాకిరీ చేసే ఇండియన్లు ఉండేవారు. 1514లో వారిని వదిలేశాడు. తరువాత 50 ఏళ్లు వారికోసమే వాదించాడు, రాశాడు, రాజుల గుమ్మాలు తొక్కాడు. అయితే మొదటి రోజుల్లో, ఇండియన్లను తప్పించడానికి ఆఫ్రికానుండి బానిసలను తెప్పించవచ్చని సలహా ఇచ్చింది కూడా ఆయనే. దానికి తరువాత ఎంతో పశ్చాత్తాపపడ్డాడు. ఒక జాతిని మనుషులుగా చూడడం నేర్చుకున్న కన్నుకు పక్కనున్న ఇంకో జాతి కనబడకపోవడం భయపెట్టే సంగతి. 1537లో మూడవ పౌలు పోపు, ఇండియన్లు నిజమైన మనుషులేననీ, క్రైస్తవులు కాకపోయినా వారి స్వేచ్ఛనూ ఆస్తినీ తీసుకోకూడదనీ ప్రకటించాడు. అలా ప్రకటించవలసి వచ్చిందంటేనే పరిస్థితి అర్థమవుతుంది. 1550–51లో వల్లడోలిడ్ పట్టణంలో లాస్ కాసాస్, సెపూల్వేదా అనే పండితుడు న్యాయనిర్ణేతల ఎదుట వాదించుకున్నారు. కొందరు పుట్టుకతోనే బానిసలు అన్న అరిస్టాటిల్ మాట సెపూల్వేదా ఆయుధం. ఆయన అమెరికా ఖండంలో ఎన్నడూ అడుగుపెట్టలేదు.

కరీబులు అని పిలవబడినవారు తమను కలినాగో అని పిలుచుకుంటారు. డొమినికా దీవిలో సుమారు మూడు వేలమంది ఉన్నారు. వారి ప్రాంతానికి ఉన్న 'కరీబు' పేరును 2015లో చట్టం ద్వారా తీసివేసి కలినాగో అని పెట్టారు. 2023లో ఆ దేశాధ్యక్షురాలైన సిల్వనీ బర్టన్ కలినాగో స్త్రీ.

మార్కో పోలో ఓడ ఆగని అండమాన్‌కు ఇప్పుడు వద్దాం. 1858లో బ్రిటిష్‌వారు పోర్ట్‌బ్లెయిర్‌లో ఖైదీల కాలనీ పెట్టారు. 1863లో హెన్రీ కార్బిన్ అనే చాప్లిన్, అంటే మన భాషలో ఒక అయ్యగారు, రాస్ దీవిలో 'అండమాన్ హోమ్' మొదలుపెట్టాడు. అడవి మనుషులకు బట్ట కట్టించి, నాగరికత నేర్పాలని. ఉద్దేశం మంచిదే అనుకుందాం. ఆ హోముల్లో కిక్కిరిసి ఉన్నవారికి కొత్త జబ్బులు సోకాయి. 1877లో తట్టు వచ్చి ఊడ్చేసింది. వేలల్లో ఉన్న గ్రేట్ అండమానీలు 1901 జనాభా లెక్కలకు 625 మంది. 1961కి 19 మంది.

ఆ దీవులవారితో ఏళ్ల తరబడి మెలిగిన బ్రిటిష్ అధికారి మాన్, వాళ్లలో నరమాంసం తినే అలవాటు లేనేలేదని రాశాడు. 1890లో వచ్చిన షెర్లాక్ హోమ్స్ నవలలో మాత్రం అండమాన్ మనిషి నరభక్షకుడైన మరుగుజ్జు రాక్షసుడు. ఏది ఎక్కువమంది చదివారో చెప్పనక్కరలేదు.

నార్త్ సెంటినల్ దీవి పేరు 2018 నవంబరులో మన సంఘాల్లో కూడా మారుమోగింది. సువార్త చెప్పాలని చట్టం దాటి వెళ్లిన ఒక అమెరికన్ యువకుడు అక్కడ చనిపోయాడు. ఆ రోజుల్లో టీవీల్లో, వాట్సాప్‌లో ఆ దీవివాళ్ల గురించి వచ్చిన మాటలు మార్కో పోలో మాటలకు పెద్ద దూరంలో లేవు. రాతియుగం మనుషులు, రక్తపిపాసులు అన్నారు. చాలా తక్కువమంది చెప్పిన సంగతి ఒకటుంది. 1880లో పోర్ట్‌మన్ అనే అధికారి మనుషులతో ఆ దీవిలో దిగి, ఇద్దరు వృద్ధ దంపతులనూ నలుగురు పిల్లలనూ పట్టి పోర్ట్‌బ్లెయిర్‌కు తీసుకెళ్లాడు. అందరూ జబ్బుపడ్డారు. వృద్ధులిద్దరూ చనిపోయారు. పిల్లలను కొన్ని బహుమానాలతో తిరిగి ఒడ్డున వదిలారు. ఆ పిల్లలు ఇంటికి ఏ జబ్బు తీసుకెళ్లారో, తమవాళ్లకు ఏమని చెప్పారో మనం ఊహించగలం. తన చర్యవల్ల వాళ్ల భయం, పగ పెరగడం తప్ప ఏమీ జరగలేదని పోర్ట్‌మనే తరువాత రాశాడు. ఆ దీవికి పరాయివాళ్లు అంటే ఎవరో, వాళ్ల వైపునుండి చూస్తే తెలుస్తుంది.

ఇంత దూరం వెళ్లనవసరం కూడా లేదు. న్యాయంగల రాణి అని మార్కో పోలో రాసిన మోటుపల్లి ఉన్న జిల్లాలోనే స్టువర్టుపురం ఉంది. తీరంలో ఉప్పు, లోపలి ఊళ్లలో ధాన్యం మోసుకుంటూ ఎరుకలవారు తరతరాలుగా వర్తకం చేసేవారు. రైళ్లు, ఉప్పు మీద ప్రభుత్వ గుత్తాధికారం వచ్చాక ఆ బతుకు కూలిపోయింది. తిరిగే కులాలను పుట్టుకతోనే నేరస్థులుగా రాసుకునే చట్టం 1871లో వచ్చింది, 1911లో మద్రాసు రాజధానికి విస్తరించింది. ఆ చట్టం కింద పెట్టిన సెటిల్‌మెంటే స్టువర్టుపురం. నడపమని ప్రభుత్వం సాల్వేషన్ ఆర్మీకి అప్పగించింది. కావలి దగ్గరి సెటిల్‌మెంటును అమెరికన్ బాప్టిస్టు మిషన్‌వారు నడిపారు. బడి, పని, వాక్యం ఇచ్చారు. హాజరు పట్టీ కూడా అక్కడే ఉండేది. ఊరు దాటాలంటే చీటీ కావాలి. స్వాతంత్ర్యం వచ్చాక చట్టం రద్దయింది. 1991లో మాత్రం ఒక్క ఏడాదిలోనే ఆ ఊరి పేరుతో రెండు తెలుగు సినిమాలు వచ్చాయి. ఒకదాని పేరులో పోలీస్ స్టేషన్, ఇంకోదానిలో దొంగలు.

లూకా అపొస్తలుల కార్యములు 28వ అధ్యాయంలో మెలితే దీవివారిని మన బైబిలులో 'అనాగరికులు' అని ఉంది. గ్రీకు మాట్లాడనివారు అని దాని భావం. ఆ మాట రాసిన వెంటనే లూకా ఏం రాశాడో చదవండి. వాన, చలి ఉన్నందున వారు నిప్పురాజేసి ఓడ పగిలినవాళ్లందరినీ చేర్చుకున్న సంగతి. లూకా అక్కడ మూడు నెలలు ఉన్నాడు. తాను చలి కాచుకున్న మంట గురించి రాశాడు.

ఈ పత్రికకు మన్యంనుండి, నల్లమలనుండి, అండమాన్‌లోని తెలుగు సంఘాలనుండి పరిచర్య నివేదికలు వస్తుంటాయి. పంపేవారికి ఒక మనవి. 'అమాయక గిరిజనులు', 'చీకటిలో మగ్గుతున్న జాతి' అనే మాటలకు బదులు కోయవారో, కొండరెడ్లో, చెంచులో, సవరలో రాయండి. ఊరి పేరు రాయండి. వారు మీకు ఏం పెట్టారో, మీతో ఏం వాదించారో కూడా రాయండి. కానుకలు రావాలని చింపిరిజుట్టు పిల్లవాడి ఫొటో పంపేముందు, ఆ పిల్లవాడి తల్లిని అడగండి. ఆమె ఒప్పుకుంటే ఆమె పేరుతో కలిపి పంపండి. ఒప్పుకోకపోతే నివేదిక ఫొటో లేకుండానే వేస్తాం.